గెయిన్ నాబ్ కంటే ముందు కాంతి లెక్క

పోయిన నెల మా యూనిట్‌కి ఒక ఎంక్వైరీ వచ్చింది. పంపింది ఒక పరిశోధన సంస్థ, పేరు అనవసరం. లేజర్ కాంతిని పట్టే రిసీవర్ కావాలట. గెయిన్ (కాంతి పుట్టించే కరెంట్‌ని ఎంత వోల్టేజీగా మార్చాలన్నది) 1 కిలోఓమ్ నుంచి 1 గిగాఓమ్ దాకా మార్చుకునేలా ఉండాలి, బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగంగా మారే కాంతిని పట్టగలదన్నది) 10 మెగాహెర్ట్జ్ ఉండాలి, అదీ అన్ని గెయిన్‌ల దగ్గరా. డబ్బా కొలతలు, పెయింట్ రంగు, బీఎన్‌సీ కనెక్టర్లు ఎన్ని, వారంటీ ఎన్నేళ్లు, అన్నీ వివరంగా రాశారు. ఆ డబ్బా మీద పడే కాంతి ఎంతో మాత్రం ఎక్కడా లేదు. కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, లేజర్ పల్స్‌లా కొడుతుందా, నిలకడగా వెలుగుతుందా, పక్కన ట్యూబ్‌లైట్ ఉంటుందా, ఆరుబయట ఎండలో పెడతారా... ఒక్క ముక్క లేదు.

చర్లపల్లిలో చిన్న చిన్న కొలత పరికరాలు చేసుకునే మాలాంటి వాళ్లకి ఇలాంటి కాగితాలు మామూలే. రాసినవాళ్లు చదువుకున్నవాళ్లే, వాళ్ల పనిలో నాకంటే చాలా ఎక్కువ తెలిసినవాళ్లు. అయినా లేజర్ డిటెక్టర్ అనగానే అందరి చెయ్యీ ముందు గెయిన్ నాబ్ వైపే పోతుంది. కాలేజీ ప్రాజెక్టుల్లో చూశాను, పీహెచ్‌డీ ల్యాబుల్లో చూశాను, మా సొంత కస్టమర్లలోనూ చూస్తున్నాను. నా అభిప్రాయం ఇది: వేరియబుల్ గెయిన్ చాలాసార్లు అవసరం కొద్దీ పెట్టింది కాదు, కాంతి లెక్క వేయడం వాయిదా వేసుకోవడానికి పెట్టింది. నాబ్‌ని మొదటి స్టేజీలో, అంటే కాంతిని కరెంట్‌గా మార్చే ఫోటోడయోడ్ పక్కన, గెయిన్‌ని తేల్చే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ దగ్గర పెడితే, ఆ వాయిదాకి వడ్డీ సర్క్యూట్ మొత్తం కట్టాల్సి వస్తుంది.

ఇది అంత ఏకపక్షంగా చెప్పగలిగే మాట కాదని నాకూ తెలుసు. ఎదురు వాదనల్లో బలమైనవి ఉన్నాయి. వాటి దగ్గరికీ వస్తాను.

ఒక్క రెసిస్టర్ మారిస్తే ఏమేం మారతాయి

ముందు ఆ కాగితంలో అడిగిందే చూద్దాం. డయోడ్ కరెంట్‌ని వోల్టేజీగా మార్చే ట్రాన్స్‌ఇంపిడెన్స్ యాంప్లిఫయర్‌కి ఎంత వేగం వస్తుందనేది మూడు అంకెలు తేలుస్తాయి: ఆప్-యాంప్ (అందులోని యాంప్లిఫయర్ చిప్) గెయిన్-బ్యాండ్‌విడ్త్, అంటే ఆ చిప్ వేగానికున్న హద్దు, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్, ఇన్‌పుట్ దగ్గర పోగయ్యే కెపాసిటెన్స్. మొదటిదాన్ని మిగతా రెండిటి లబ్ధంతోనూ 2పైతోనూ భాగించి వర్గమూలం తీస్తే బ్యాండ్‌విడ్త్ అంచనా వస్తుంది. చిన్న ఫోటోడయోడే తీసుకుని, ఇన్‌పుట్ కెపాసిటెన్స్ మొత్తం 10 పికోఫారడ్‌లే అనుకున్నా, 1 గిగాఓమ్ దగ్గర 10 మెగాహెర్ట్జ్ రావాలంటే ఆప్-యాంప్‌కి 6 టెరాహెర్ట్జ్‌లకు పైగా గెయిన్-బ్యాండ్‌విడ్త్ కావాలి. అలాంటిది ప్రపంచంలో ఎవరూ అమ్మరు. పోనీ అదీ దొరికిందే అనుకుందాం. 1 గిగాఓమ్ రెసిస్టర్‌కి సమాంతరంగా ఉండదగ్గ కెపాసిటెన్స్ అప్పుడు ఒక పికోఫారడ్‌లో దాదాపు 60 వేలవ వంతు. చిన్న ఎస్ఎండీ రెసిస్టర్ రెండు కొసల మధ్య ఊరికే ఉండే కెపాసిటెన్సే అంతకంటే వేల రెట్లు ఎక్కువ.

ఇది మరీ అతి అనిపిస్తే, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సామానుతో వేసే లెక్క చూడండి. బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్‌కి బయాస్ (బయటి నుంచి పెట్టే వోల్టేజీ) ఇవ్వకపోతే దాని కెపాసిటెన్స్ సుమారు 70 పికోఫారడ్‌లు. ఆప్-యాంప్ కాళ్లు, బోర్డు ట్రాక్ కలిపి 80 అనుకుందాం. ఆప్-యాంప్ 10 మెగాహెర్ట్జ్‌ది. ఫీడ్‌బ్యాక్‌లో 10 కిలోఓమ్‌లు పెడితే బ్యాండ్‌విడ్త్ సుమారు 1.4 మెగాహెర్ట్జ్, సర్క్యూట్ మోగకుండా (అవుట్‌పుట్ అనవసరంగా ఊగకుండా) ఉండాలంటే పక్కన 11 పికోఫారడ్‌ల కెపాసిటర్ కావాలి. అదే చోట 1 మెగాఓమ్ పెడితే బ్యాండ్‌విడ్త్ 140 కిలోహెర్ట్జ్, కావాల్సిన కెపాసిటర్ 1.1 పికోఫారడ్.

ఇప్పుడు ఈ రెసిస్టర్ల చోట ఒక పాట్ (నాబ్ తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెట్టారనుకోండి. కెపాసిటర్ ఏది వేస్తారు? 11 వేస్తే 1 మెగాఓమ్ దగ్గర వేగం 14 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది, రావాల్సిన దాంట్లో పదో వంతు. 1.1 వేస్తే 10 కిలోఓమ్‌ల దగ్గర అవుట్‌పుట్ మోగుతుంది. స్కోప్‌లో ప్రతి పల్స్ అంచు వెనకా అలలు కనిపిస్తాయి. కెపాసిటెన్స్ కాస్త ఎక్కువైతే మోగడం దాటి ఆసిలేట్ కూడా అవుతుంది. నాబ్ తిప్పే మనిషి గెయిన్ ఒక్కటే మారుస్తున్నాననుకుంటాడు. నిజానికి బ్యాండ్‌విడ్త్, నాయిస్, స్టెబిలిటీ, ఆఫ్‌సెట్ (కాంతి లేకపోయినా ఉండే వోల్టేజీ) నాలుగూ ఒకేసారి మారుతున్నాయి. పాట్ లోపలి వైపర్ ఒక్క క్షణం ట్రాక్ మీంచి లేచినా ఫీడ్‌బ్యాక్ తెగిపోయి అవుట్‌పుట్ నేరుగా సప్లై దాకా ఎగబాకుతుంది. ప్యానెల్ మీద నాబ్ కోసమని పాట్‌ని వైర్లతో దూరంగా లాగితే, ఆ వైర్లు గదిలోని 50 హెర్ట్జ్ హమ్‌ని తెచ్చి సర్క్యూట్‌లో అన్నిటికంటే సున్నితమైన చోట దింపుతాయి.

మార్కెట్లో దొరికే మంచి స్విచ్డ్ గెయిన్ డిటెక్టర్లు ఈ సంగతి దాచవు. 10 డెసిబెల్ మెట్లుగా గెయిన్ పెంచుకునే డబ్బాల డేటాషీట్ తీస్తే ప్రతి మెట్టుకీ బ్యాండ్‌విడ్త్ విడిగా రాసి ఉంటుంది. మొదటి మెట్టులో మెగాహెర్ట్జ్‌లు, చివరి మెట్టులో కొద్ది కిలోహెర్ట్జ్‌లు. కొనేవాళ్లు చదివేది మాత్రం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న గరిష్ఠ గెయిన్, గరిష్ఠ బ్యాండ్‌విడ్త్. ఆ రెండూ ఒకే చోట ఒకేసారి దొరుకుతాయనుకుంటారు. మాకొచ్చిన కాగితం కూడా అలా పుట్టిందేనని నా అనుమానం.

కారిడార్‌లో లేజర్ అలారం

ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టులు చూడ్డానికి అప్పుడప్పుడు పిలుస్తుంటారు. అక్కడ ముగ్గురు పిల్లలు కారిడార్‌కి అడ్డంగా ఎర్ర లేజర్ వేసి, అవతలి గోడ మీద రిసీవర్ పెట్టి, ఎవరైనా దాటితే అలారం మోగే సర్క్యూట్ చేశారు. రాత్రి హాస్టల్లో బ్రహ్మాండంగా పనిచేసిందట. పగలు కాలేజీ కారిడార్‌లో అసలు కదలదు. "సర్, గెయిన్ సరిపోవట్లేదనుకుంటా. 1 మెగ్ పాట్ ఫుల్‌గా తిప్పేశాం. 5 మెగ్ తెద్దామంటే కోఠిలో దొరకలేదు," అన్నాడు ఒకబ్బాయి.

మల్టీమీటర్ అవుట్‌పుట్ దగ్గర పెట్టమన్నాను. 3.5 వోల్ట్‌లు. లేజర్‌కి చెయ్యి అడ్డం పెట్టమన్నాను. 3.5 వోల్ట్‌లే. వాళ్లకి అది సిగ్నల్‌లా కనిపిస్తోంది, ఎందుకంటే బాగా పెద్ద వోల్టేజీ కదా. వాళ్లు వాడింది 5 వోల్ట్‌ల సప్లై మీద ఎల్ఎం358 అనే ఆప్-యాంప్. ఆ చిప్ అవుట్‌పుట్ సప్లైకి ఒకటిన్నర వోల్ట్ కిందే ఆగిపోతుంది. అంటే 3.5 అనేది కాంతి కొలత కాదు, చిప్ ఇక పైకి వెళ్లలేనని చేతులెత్తేసిన చోటు. 1 మెగాఓమ్ మీద 3.5 వోల్ట్‌లంటే మూడున్నర మైక్రోయాంపియర్లు. పగటి పూట ఆ కారిడార్‌లో ఊరికే ఉన్న వెలుగే ఆ ఫోటోడయోడ్‌లో 20 మైక్రోయాంపియర్ల దాకా పుట్టిస్తోంది. లేజర్ ఉన్నా లేకపోయినా సర్క్యూట్ నిండిపోయే ఉంది.

అక్కడే నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేశాం. లేజర్ మాడ్యూల్ మీద 5 మిల్లీవాట్లని ఉంది, 3 అనుకుందాం. కారిడార్ అవతలికి చేరేసరికి మచ్చ ఒక సెంటీమీటర్ అంత అయింది. డయోడ్ వైశాల్యం 7.5 చదరపు మిల్లీమీటర్లు, కాబట్టి మచ్చలో సుమారు పదో వంతే దాని మీద పడుతుంది. అంటే 0.3 మిల్లీవాట్. ఎరుపు దగ్గర సిలికాన్ వాట్‌కి 0.4 యాంపియర్ ఇస్తుందనుకుంటే 120 మైక్రోయాంపియర్లు. లేజర్‌ది 120, పగటి వెలుగుది 20. తేడా కొట్టొచ్చినట్టు ఉంది! కావాల్సింది 10 కిలోఓమ్‌లు మాత్రమే: లేజర్ పడితే 1.4 వోల్ట్‌లు, ఆపితే 0.2. పాట్ తీసేసి 10 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టగానే అలారం పనిచేసింది.

ఇంకొకమ్మాయి ముందుజాగ్రత్తగా ఎర్ర జిలాటిన్ కాగితం తెచ్చి డయోడ్ ముందు అంటిద్దామంది. ఆలోచన మంచిదే, ఫలితం మాత్రం కంటికి కనిపించినంత ఉండదు. ఆ కాగితం ఇన్‌ఫ్రారెడ్‌ని దాదాపుగా వదిలేస్తుంది, సిలికాన్ ఎక్కువగా చూసేదే ఆ వైపు. దాని బదులు నల్ల చార్టు పేపర్ చుట్టి వేలెడంత గొట్టం చేసి డయోడ్‌కి తొడిగాం. బీపీడబ్ల్యూ34 రెండు పక్కలా 65 డిగ్రీల దాకా చూస్తుంది. గొట్టం పెట్టాక ఎదురుగా ఉన్న లేజర్‌ని తప్ప కిటికీలని చూడదు. లేజర్ ఆపినప్పుడు అవుట్‌పుట్ 0.2 నుంచి దాదాపు సున్నాకి దిగింది.

ఆ పిల్లలు తెలివైనవాళ్లు. వాళ్లని తప్పుదారి పట్టించింది పాటే. చేతిలో తిప్పేది ఒకటి ఉంటే మనిషి తిప్పుతాడు, లెక్క వేయడు. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే చేతిలో ఉంటే, అది సరిపోతుందా లేదా అన్న ప్రశ్న మొదటిరోజే వచ్చేది.

50 మిల్లీవోల్ట్‌ల గీత

"గెయిన్ ఎంత ఎక్కువైతే అంత సన్నని కాంతి కనిపిస్తుంది" అనే నమ్మకానికి అసలు ఆధారం లేకపోలేదు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కి దానిదంటూ థర్మల్ నాయిస్ (వేడి వల్ల పుట్టే రొద) ఉంటుంది. కరెంట్ రూపంలో చెప్పాలంటే 10 కిలోఓమ్‌లకి రూట్ హెర్ట్జ్‌కి (బ్యాండ్‌విడ్త్ వర్గమూలానికి) 1.3 పికోయాంపియర్లు, 1 మెగాఓమ్‌కి 0.13. రెసిస్టర్ వంద రెట్లు పెంచితే సిగ్నల్ వంద రెట్లు పెరుగుతుంది, నాయిస్ వోల్టేజీ పది రెట్లే పెరుగుతుంది. కాబట్టి పెద్ద రెసిస్టర్ లాభమే. నేను వాదిస్తున్నది ఆ లాభం ఎక్కడ ఆగుతుందో చూడమని.

కాంతికి కూడా దానిదైన నాయిస్ ఉంది. ఫోటాన్లు లెక్క ప్రకారం వరసగా రావు, ఎడాపెడా వస్తాయి, దాంతో కరెంట్‌లో షాట్ నాయిస్ పుడుతుంది. దాన్ని ఏ సర్క్యూటూ తగ్గించలేదు. రెసిస్టర్ నాయిస్, కాంతి నాయిస్ సమానమయ్యే చోటు ఎక్కడో చాలా తేలిగ్గా తేలుతుంది: రెసిస్టర్ మీద పడే డీసీ వోల్టేజీ 50 మిల్లీవోల్ట్‌లు దాటిన చోట. గది ఉష్ణోగ్రత దగ్గర కచ్చితంగా వేస్తే 52. రెసిస్టర్ విలువ ఎంతైనా, డయోడ్ ఏదైనా అంతే. డీసీ 500 మిల్లీవోల్ట్‌లకి చేరేసరికి రెసిస్టర్ నాయిస్ పవర్ కాంతి నాయిస్‌లో పదో వంతే. ఆ పైన గెయిన్ ఎంత పెంచినా సిగ్నల్, నాయిస్ రెండూ కలిసే పెరుగుతాయి. స్కోప్‌లో గీత పెద్దగా కనిపిస్తుంది, శుభ్రంగా కనిపించదు.

నాకు తెలిసి ఈ రంగంలో ఇంత ఉపయోగపడే అంకె ఇంకొకటి లేదు. అయినా మన సిలబస్‌లో దీన్ని గట్టిగా చెప్పిన పాఠం నాకు తగల్లేదు. థర్మల్ నాయిస్ ఒక యూనిట్‌లో, షాట్ నాయిస్ ఇంకో యూనిట్‌లో చెప్పి వదిలేస్తారు, రెండూ పక్కపక్కన పెట్టరు. పక్కపక్కన పెడితే రెసిస్టర్ ఎంచుకోవడం రెండు నిమిషాల పని: మీరు పట్టాల్సిన అతి తక్కువ కాంతి దగ్గర రెసిస్టర్ మీద ఎంత పడుతుందో చూడండి. 50 మిల్లీవోల్ట్‌లు దాటితే చాలు, అంతకంటే పెద్దది వెతకొద్దు. దాటకపోతే పెంచండి, కానీ కావాల్సిన వేగం పోకుండా ఎంత పెంచగలరో అంతే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ డీసీ కరెంట్‌లో పక్క వెలుగు కూడా కలుస్తుంది. హైదరాబాద్ మే నెల ఎండ నేరుగా బీపీడబ్ల్యూ34 మీద పడితే రెండు మిల్లీయాంపియర్ల పైనే వస్తుంది. 1 మెగాఓమ్ సంగతి సరే, 5 కిలోఓమ్‌లతోనే 10 వోల్ట్‌లు దాటుతుంది. షాట్ నాయిస్ మొత్తం సూర్యుడిదే. ఆ పరిస్థితిలో గెయిన్ చర్చకి అర్థమే లేదు. లేజర్ రంగుకి సరిపడే 10 నానోమీటర్ల పట్టీనే వదిలే ఇంటర్‌ఫెరెన్స్ ఫిల్టర్ పెడితే ఆ రెండు మిల్లీయాంపియర్లు 50 మైక్రోయాంపియర్ల లోపుకి దిగుతాయి. లేజర్‌ని 10 కిలోహెర్ట్జ్ దగ్గర మిణుక్కుమనిపించి రిసీవర్ ఆ ఫ్రీక్వెన్సీనే పట్టేలా చేస్తే, ఎండ డీసీగా, ట్యూబ్‌లైట్ 100 హెర్ట్జ్‌గా పక్కకి పోతాయి. ఫిల్టర్, గొట్టం, మాడ్యులేషన్... వీటిలో ఏదీ గెయిన్ నాబ్ కాదు. సన్నని కాంతిని బయటికి లాగేది మాత్రం ఇవే.

అటు చివర, 1 గిగాఓమ్ దగ్గర కథ వేరు. కాంతి సన్నగా, వేగం అక్కర్లేకుండా ఉంటే అది న్యాయమైన రేంజే. కాకపోతే ఆ రేంజిలో సర్క్యూట్‌లో లేనివన్నీ సర్క్యూట్‌లోకి వస్తాయి. జులైలో వానలు పట్టాక బోర్డు మీద సరిగ్గా కడగని ఫ్లక్స్ తేమ పీల్చుకుని తనే ఒక రెసిస్టర్ అయిపోతుంది. మే నెలలో మా రేకుల షెడ్డులో డబ్బా లోపల 45 డిగ్రీలు దాటుతుంది. డయోడ్ డార్క్ కరెంట్ (కాంతి లేకపోయినా కారే కరెంట్) సుమారు ప్రతి పది డిగ్రీలకీ రెట్టింపవుతుంది కాబట్టి, రివర్స్ బయాస్‌లో 25 డిగ్రీల దగ్గర 2 నానోయాంపియర్లున్నది 8కి చేరుతుంది. 1 గిగాఓమ్ మీద 8 నానోయాంపియర్లంటే 8 వోల్ట్‌లు, ఇంకా లేజర్ ఆన్ చేయనేలేదు. పొదుపని ఆ గిగాఓమ్‌ని మూడు చిన్న రెసిస్టర్ల టీ-నెట్‌వర్క్‌తో తెచ్చేవాళ్లుంటారు. గెయిన్ వస్తుంది, నాయిస్ మాత్రం ఆ చిన్న రెసిస్టర్లదే వస్తుంది.

గ్రాఫ్‌లో మెట్టు

రేంజులు మారిస్తే వచ్చే ఇంకో చిక్కు సర్క్యూట్‌లో కనిపించదు, ఫలితాల్లో కనిపిస్తుంది. నగరంలోని ఒక యూనివర్సిటీలో లేజర్ డయోడ్ల మీద పనిచేసే రీసెర్చ్ స్కాలర్ ఒకాయన కరెంట్‌కి, వెలుగుకి గ్రాఫ్ గీశారు. థ్రెషోల్డ్ (లేజర్‌గా వెలగడం మొదలయ్యే కరెంట్) దాటగానే వెలుగు ఒక్కసారిగా ఎగుస్తుంది, అందరికీ తెలిసిందే. ఆయన గ్రాఫ్‌లో అలా ఎగిసే చోటు కంటే కొంచెం ముందు ఒక చిన్న మెట్టు ఉంది. రెండు మూడు డయోడ్లు మార్చినా అక్కడే. డయోడ్ లోపల ఏదో మోడ్ మారుతోందని అనుకుని, దాని చుట్టూ వివరణ కూడా అల్లుకున్నారు.

మెట్టు ఉన్న చోట వెలుగు ఎంతో చూస్తే, డిటెక్టర్ ఆటోరేంజింగ్ (తనంతట తనే రేంజి మార్చుకోవడం) ఎక్కువ గెయిన్ రేంజి నుంచి తక్కువ గెయిన్ రేంజికి మారే చోటు సరిగ్గా అదే. ఒక రేంజిలో 1 శాతం రెసిస్టర్, ఇంకో దాంట్లో 5 శాతం రెసిస్టర్, రెండిటినీ ఒకే కాంతితో ఎవరూ సరిపోల్చలేదు. థ్రెషోల్డ్ దగ్గర వెలుగు వేగంగా మారుతుంది కాబట్టి రేంజి మారేది కూడా ఎప్పుడూ ఆ పక్కనే. ఒక రేంజిలో ఉంచి మళ్లీ కొలిస్తే మెట్టు మాయమైంది. ఆ మనిషి ముఖంలో నిరాశ, ఊరట రెండూ చూశాను.

బంగారం తూచే త్రాసునీ బియ్యం బస్తా తూచే కాటానీ ఒకే పళ్లెం కింద బిగిస్తే, రెండూ ఒకే బరువు చెబుతాయని ముందు ఎవరో ఒకరు సరిచూడాలి. ఎనిమిది రేంజులుంటే ఎనిమిది క్యాలిబ్రేషన్లు, వాటి మధ్య ఏడు అతుకులు. అతుకులు తక్కువుంటే మనం నమ్మాల్సినవీ తక్కువ.

లైడార్ వాళ్లు ఒప్పుకోరు

ఇంతవరకూ చదివి లైడార్ (లేజర్ పల్స్ కొట్టి, అది తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే పరికరం) మీద పనిచేసేవాళ్లు ఎవరైనా నాతో గొడవకి వస్తారు, రావాలి కూడా. వాళ్ల దగ్గర కాంతి లెక్క వేసినా వేరియబుల్ గెయిన్ తప్పదు. గోడలాంటి వస్తువు నుంచి వెనక్కి వచ్చే కాంతి దూరం వర్గం చొప్పున తగ్గుతుంది. 1 మీటర్ దగ్గరున్న దానికీ 100 మీటర్ల దగ్గరున్న దానికీ 10,000 రెట్ల తేడా. ఒకటి నల్ల కారు, ఇంకొకటి మెరిసే రోడ్డు బోర్డు అయితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మొదటి ప్రతిధ్వని 7 నానోసెకన్లలో వస్తుంది, చివరిది 670 నానోసెకన్లకి. ఈ మధ్యలో గెయిన్ పెరుగుతూ పోవాలి. ఏ నాబూ, ఏ రిలే కూడా ఆ పని చేయలేవు.

అయినా వాళ్లు ఆ గెయిన్‌ని ఎక్కడ మారుస్తారో చూడండి. లైడార్‌లో ఒక నానోసెకన్ పొరపాటంటే 15 సెంటీమీటర్లు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మారిస్తే బ్యాండ్‌విడ్త్ మారుతుంది, బ్యాండ్‌విడ్త్ మారితే పల్స్ ఆలస్యం మారుతుంది, గోడ జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే మామూలుగా మొదటి స్టేజీ స్థిరంగా ఉంచి, దాని తర్వాత ఏడీ603 లాంటి వేరియబుల్ గెయిన్ యాంప్లిఫయర్ పెడతారు. అది కంట్రోల్ వోల్టేజీతో -11 నుంచి +31 డెసిబెల్ దాకా గెయిన్ మారుస్తూ 90 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌ని అలాగే ఉంచుతుంది. ఇంకొందరు అవలాంచ్ ఫోటోడయోడ్ బయాస్ మార్చి డయోడ్‌లోనే గెయిన్ తెచ్చుకుంటారు. అక్కడా ఒక హద్దు తర్వాత డయోడ్ కలిపే అదనపు నాయిస్ లాభాన్ని తినేస్తుంది. తిరుపతి దగ్గర గాదంకిలో ఆకాశంలోకి 532 నానోమీటర్ల పచ్చ లేజర్ కొట్టే లైడార్ ఉంది. అలాంటి వాతావరణ లైడార్లలో, దగ్గరి గాలి నుంచి వచ్చే ఎక్కువ కాంతికీ పైనుంచి వచ్చే సన్నని కాంతికీ వేర్వేరు డిటెక్టర్లు పెట్టి, కాంతినే పాళ్లు వేసి పంచడం పాత పద్ధతి. కాంతిని పంచడం కూడా కాంతి లెక్క వేశాకే కుదురుతుంది.

నా మాటకి నిజంగా అడ్డం తిరిగేది ఇంటింటికీ వచ్చే ఫైబర్. జీపాన్ అనే, ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లు పంచుకునే నెట్‌వర్క్‌లో ఎక్స్ఛేంజి వైపు రిసీవర్‌కి పక్క వీధి ఇంటి నుంచి ఒక బర్స్ట్ (కొద్దిసేపు వచ్చే డేటా ముక్క), 20 కిలోమీటర్ల అవతలి ఇంటి నుంచి ఇంకో బర్స్ట్ వెంటవెంటనే వస్తాయి. వాటి మధ్య 15 డెసిబెల్, అంటే 30 రెట్లకి పైగా తేడా ఉండొచ్చు. బిట్ నిడివి ఒక నానోసెకన్ కంటే తక్కువ. బర్స్ట్ మొదలైన కాసిన్ని బిట్లలోపే రిసీవర్ సర్దుకోవాలి. అక్కడ మొదటి స్టేజీ గెయిన్‌నే మార్చే డిజైన్లున్నాయి, అవి సరైనవే. ఎందుకంటే వాళ్లకి కావాల్సింది ఒకటా సున్నానా అన్నది మాత్రమే. కాంతి ఎంతుందో కొలిచే పని వాళ్లకి లేదు. కొలత కావాల్సిన చోటికి ఆ డిజైన్‌ని ఎత్తుకొచ్చి పెట్టడమే నాకు అభ్యంతరం.

నాకు నేనే వేసుకునే ప్రశ్న ఇంకొకటుంది. కాంతి మరీ ఎక్కువైనప్పుడు గెయిన్ తగ్గించే బదులు ముందు ఒక ఎన్‌డీ ఫిల్టర్ (కాంతిని అన్ని రంగుల్లోనూ ఒకేలా తగ్గించే ఫిల్టర్) పెట్టండి, బ్యాండ్‌విడ్త్ మారదు అని చాలామందికి చెబుతుంటాను. అది పూర్తి నిజం కాదు. ఫిల్టర్ వంద రెట్లు కాంతి తింటే, షాట్ నాయిస్‌తో పోల్చిన సిగ్నల్ పది రెట్లు తగ్గుతుంది. చేతికొచ్చిన ఫోటాన్లని పారేస్తున్నాం. కచ్చితత్వం ముఖ్యమైతే అక్కడ చిన్న రెసిస్టర్‌కి మారడమే మేలు. సర్దుబాటుకి, అలైన్‌మెంట్‌కి అయితే ఫిల్టర్ చాలు. ఏది కావాలో అడిగి తెలుసుకోకుండా ఒకే సలహా అందరికీ ఇవ్వలేం.

"తెలియకే కదా సర్ కొలుస్తున్నారు"

మా దగ్గర డిజైన్ చూసే అమ్మాయితో ఈ విషయం మీద ఎప్పుడూ వాదన నడుస్తూనే ఉంటుంది. తన మాట సూటిగా ఉంటుంది: "కాంతి ఎంతో ముందే చెప్పమంటే ఎలా సర్? తెలియకే కదా కొలుస్తున్నారు. పైగా ఆ ల్యాబ్‌కి ఐదేళ్లకోసారి గ్రాంటు వస్తుంది. ఒక్క డబ్బా కొని పది ప్రయోగాలకి వాడుకుంటారు. నాబ్ లేకపోతే వాళ్లు కొనరు."

రెండో మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు. మన ల్యాబుల బడ్జెట్లు నాకూ తెలుసు. మొదటి మాటకి ఉంది. కచ్చితమైన విలువ తెలియదు, నిజమే. హద్దులు మాత్రం తెలుసుకోవచ్చు. లేజర్ మీదున్న లేబుల్ పై హద్దు చెబుతుంది. మిగతాది ఒక పూటలో తేలుతుంది: ఫోటోడయోడ్ రెండు కాళ్లూ నేరుగా మల్టీమీటర్‌కి తగిలించి మైక్రోయాంపియర్ రేంజిలో పెట్టండి. లేజర్ ఆన్, లేజర్ ఆఫ్, గది లైట్లు ఆర్పి ఒకసారి, కర్టెన్ తీసి ఒకసారి. ఆ నాలుగు అంకెలు కాగితం మీదుంటే రెసిస్టర్ ఎంతో, ఫిల్టర్ కావాలో వద్దో, డీసీ కపుల్ చేయాలో ఏసీనో సగానికి పైగా తేలిపోయినట్టే. మల్టీమీటర్ కదలనంత సన్నని కాంతి అయితే, అదీ ఒక సమాచారమే; అప్పుడు 1 మెగాఓమ్ పెట్టి మళ్లీ చూస్తారు. ఇప్పుడు మేం ఎంక్వైరీలకి పంపే ఫారంలో ఈ నాలుగు గళ్లూ పెట్టాం. నింపి పంపేవాళ్లు తక్కువే, కానీ నింపినవాళ్లలో చాలామంది రెండోసారి ఫోన్ చేసినప్పుడు అడిగే గెయిన్ రేంజి దానంతటదే చిన్నదవుతోంది.

వాదన చివరికి మధ్యలో ఎక్కడో ఆగింది. ఇప్పుడు బెంచి మీదున్న బోర్డులో మొదటి స్టేజీకి రెండే రేంజులు, 10 కిలోఓమ్‌లు, 1 మెగాఓమ్. రీడ్ రిలేతో మారతాయి, ఒక్కోదానికి దాని కెపాసిటర్ దానికే. దాని తర్వాత ఒకటి నుంచి పది దాకా పెంచే రెండో స్టేజీ, దానికి నాబ్ ఉంది. నాబ్ పక్కన గెయిన్‌తో పాటు ఆ రేంజి బ్యాండ్‌విడ్త్ కూడా ప్యానెల్ మీదే అచ్చు వేయించాం. తిప్పేవాళ్లకి ఏం పోతుందో కంటికి కనబడాలని నేను పట్టుబట్టాను.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండో స్టేజీ కూడా తీసేద్దామంటోంది. 16 బిట్ల ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే చిప్‌కి) 65,536 మెట్లుంటాయి, నెమ్మది సిగ్నల్ అయితే సగటు తీసుకుంటూ ఇంకా కిందికి దిగొచ్చు, అలాంటప్పుడు నాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే చాలదా అని తన ప్రశ్న. నెమ్మది సిగ్నల్స్‌కి తన మాటే నెగ్గేలా ఉంది. 100 కిలోహెర్ట్జ్ పైన పల్స్‌ల దగ్గర ఏడీసీ నాయిస్ మొదటి స్టేజీ నాయిస్ కంటే పైకి వస్తుందని నా వాదన. రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి, ఒకే లేజర్‌ని బీమ్ స్ప్లిటర్‌తో రెండిటికీ పంచి కొలుస్తున్నాం. షెడ్డులో మధ్యాహ్నం వేడికి డార్క్ కరెంట్ కదిలిపోతోందని ఆ రీడింగులు ప్రస్తుతం పొద్దున్నే తీస్తున్నాం.